బొగ్గు గని ఉపరితలం, బొగ్గు యార్డుల పర్యావరణ తనిఖీ: రెండు రోజుల ప్యాకేజీ ఎలా ఉంది?

కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లు రాకముందే యార్డంతా ఒకసారి చూసి, తేడా ఎక్కడుందో చెప్పే ప్రైవేటు తనిఖీ సేవలు ఇప్పుడు గోదావరి జిల్లాల్లో దొరుకుతున్నాయి. రాజమహేంద్రవరం నుంచి పనిచేసే ఒక బృందం ఇస్తున్న రెండు రోజుల ప్యాకేజీ గురించి ఈ సమీక్ష. ఎగువన సత్తుపల్లి, కొత్తగూడెం వైపు గనుల ఉపరితల సదుపాయాలకూ వీళ్లే వెళ్తారు. సీహెచ్‌పీ (బొగ్గును పగలగొట్టి, బెల్టుల మీద మోసి ఎక్కించే ప్లాంటు), వ్యాగన్లు నిలిపే రైల్వే సైడింగ్, వర్క్‌షాప్, డీజిల్ బంకు, నీళ్లలోని బొగ్గు పొడి అడుగుకు దిగేలా నిలబెట్టే గుంట అయిన సెట్లింగ్ పాండ్ అన్నీ అందులోకి వస్తాయి. దిగువన రేవు వెనకాల ఉండే బొగ్గు యార్డులకూ, ఇటుక బట్టీలకు బొగ్గు దించే చిన్న డంపులకూ అదే చెక్‌లిస్టుతో వస్తారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. నీళ్ల విషయంలో ఈ బృందం పని గట్టిది, పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. గాలి కొలతలు మాత్రం నమ్మేలా లేవు. నివేదిక లావుగా ఉంటుంది కానీ వాడుకోవడానికి వీలుగా ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, వీళ్లని ఏ నెలలో పిలుస్తారన్నది. ఎండాకాలంలో పిలిస్తే ఈ ప్యాకేజీలో సగం వృథా.

డెల్టాలో ఉన్నవాళ్లు నీళ్ల గురించి ఇంతగా ఎందుకు పట్టించుకోవాలో కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. కొత్తగూడెం పక్కన పారే ముర్రేడు కిన్నెరసానిలో కలుస్తుంది, కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది, ఆ నీళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగి మన పంట కాలువల్లోకి వస్తాయి. ఊళ్లలో మంచినీటి చెరువులు నింపేది ఆ కాలువలతోనే. ఎగువ గని దగ్గర వదిలేసిన నల్ల నీళ్లు దూరం వల్ల పలచబడి రావచ్చు. మన యార్డు గోడ పక్కన వదిలినవి మాత్రం పలచబడే లోపే పక్క ఊరి చెరువు తూము దగ్గరికి చేరతాయి.

ఈ బృందం పనితీరులో మెచ్చుకోవాల్సింది వాళ్లు మొదలుపెట్టే చోటు. చాలామంది తనిఖీదారులు ఆఫీసులో టీ తాగి, సీహెచ్‌పీ చూసి, చివర్లో సెట్లింగ్ పాండ్ గట్టు మీద నిలబడి ఫోటో తీసుకుంటారు. వీళ్లు బయటి నుంచి లోపలికి వస్తారు. ముందు ప్రహరీ చుట్టూ నడిచి, నీళ్లు యార్డు దాటి బయటికి పోతున్న ప్రతి చోటునూ గుర్తు పెట్టుకుంటారు. తర్వాత ఒక్కొక్క దారి పట్టుకుని వెనక్కి, ఆ నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో అక్కడిదాకా వెళ్తారు. అనుమతి పత్రంతో జతచేసిన ప్లానులో బయటికి పోయే దారి ఒక్కటే ఉంటుంది. నడిచి చూస్తే సాధారణంగా మూడో నాలుగో తేలతాయి. గేటు దగ్గర రోడ్డు వాలుగా ఉండి లారీ టైర్ల నీళ్లు నేరుగా బయటి బోదెలోకి పోతుంటాయి. కాటా గుంటలో చేరిన నీళ్లను మోటారు పెట్టి గోడ అవతలికి తోడేస్తుంటారు. సైడింగ్ కింద పాత తూము ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. పాండ్‌కు అసలు రాని నీళ్లే ఎక్కువ కాలుష్యం మోసుకుపోతాయి కాబట్టి, ఈ ఒక్క నడక మిగతా చెక్‌లిస్టు అంతటి విలువ చేస్తుంది.

దారిలో ప్రతి చోటా ఒక లీటరు నీళ్లు ఇంహాఫ్ కోన్‌లో (అడుగున సన్నగా, గీతలతో ఉండే గరాటులాంటి పాత్ర) పోసి గంట నిలబెడతారు. అడుగున ఎన్ని మిల్లీలీటర్ల మడ్డి దిగిందో అక్కడికక్కడే కనిపిస్తుంది. ఇది ల్యాబు పరీక్షకు బదులు కాదు, ఏ కాలువను ముందు పట్టుకోవాలో చెప్పే గుర్తు. గంట తర్వాత కూడా పైన నీళ్లు నల్లగానే ఉంటే, అందులో ఉన్నది పాండ్‌లో తేలిగ్గా దిగని సన్న పొడి అని అర్థం. అలాంటి చోట పాండ్ లోతు పెంచినా లాభం ఉండదని సూపర్‌వైజరుకు అక్కడే చూపించవచ్చు.

ఇక్కడే డెల్టాకు మాత్రమే చెందిన ఒక సంగతిని వీళ్లు బాగా పట్టుకున్నారు. బయటికి పోయే నీళ్లు పంట కాలువలోకా, మురుగు కాలువలోకా అని ప్రతి దారికీ విడిగా రాస్తారు. పంట కాలువ నేల కంటే ఎత్తున నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో ఉంటుంది. యార్డు సహజంగా మురుగు కాలువ వైపే వాలుతుంది. కానీ నవంబరులో వాయుగుండం పట్టి మురుగు కాలువ నిండుగా పారుతుంటే నీళ్లు వెనక్కి తన్ని యార్డులోకే వస్తాయి. అప్పుడు మోటారు పెట్టి ఎటు వీలైతే అటు, చాలాసార్లు పంట కాలువలోకి, తోడేస్తారు. అందుకే ఆ మోటారు గొట్టం చివర ఎక్కడ పెడతారో కూడా వీళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న.

అయితే ఇదే భాగంలో ఒక పెద్ద తప్పు ఉంది. నివేదికలో నీటిలో కరగకుండా కలిసి ఉండే ఘనపదార్థాల పరిమితిని పొలాల పక్కన ఉన్న యార్డులకు లీటరుకు 200 మిల్లీగ్రాములుగా వేస్తారు. బొగ్గు గనులకు 2000 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల్లో 200 అన్నది సాగు కోసం నేల మీదికి వదిలే నీళ్లకు. కాలువలోకో వాగులోకో వదిలితే 100. ఆ కాలువ తర్వాత పొలానికే పోతుంది కదా అన్న వాదన నిలవదు, కాలువ ఉపరితల జలమే. గని కాని యార్డులకు వర్తించే సాధారణ ప్రమాణాల్లో కూడా ఇదే తేడా ఉంది. మిగతావి నివేదికలో సరిగ్గానే ఉన్నాయి: పీహెచ్ 5.5 నుంచి 9, నూనె, గ్రీజు 10, సీఓడీ (నీటిలోని మలినాలు ఆక్సీకరణకు తీసుకునే ఆక్సిజన్ కొలత) 250 మిల్లీగ్రాములు. మీకు వచ్చిన నివేదికలో ఘనపదార్థాలు 140 వచ్చి దాని పక్కన పచ్చ రంగు కనిపిస్తే సంతోషపడకండి, వెంటనే దిద్దించండి. బోర్డు ఇంజనీరు అదే నమూనాను 100తో పోల్చి చూస్తాడు.

సెట్లింగ్ పాండ్ లెక్క దగ్గర ఈ బృందానికి సగం మార్కులే. వీళ్లు పాండ్ పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపరిమాణం చూస్తారు, గంట వానకు సరిపోతే చాలంటారు. ఆ లెక్క ఎందుకు చాలదో చూద్దాం. పది ఎకరాల యార్డు మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడి అందులో అరవై శాతం పారిందనుకోండి, వచ్చే నీళ్లు సుమారు 1,200 ఘనపు మీటర్లు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు పాండ్ ఉంటే కాగితం మీద సరిగ్గా సరిపోయినట్టే. కానీ వానాకాలంలో పాండ్ ఖాళీగా ఉండదు. డెల్టాలో భూగర్భ జలం మీటరు, రెండు మీటర్ల లోతులోనే ఉంటుంది కాబట్టి తవ్విన గుంటలో కింది భాగం ఊట నీళ్లతోనే నిండిపోతుంది. ఎగువన గుట్టల మధ్య తవ్విన పాండ్‌కు ఈ సమస్య అంతగా ఉండదు. అక్కడి చెక్‌లిస్టు ఇక్కడ తప్పేది అందుకే. నిండిన పాండ్‌లోకి నీళ్లు వస్తే అంతే నీళ్లు అటు చివర నుంచి బయటికి పోతాయి. ఆ పరిస్థితిలో లెక్కపెట్టాల్సింది లోతును కాదు, పైతలం వైశాల్యాన్ని.

గంటకు 1,200 ఘనపు మీటర్లను 400 చదరపు మీటర్లతో భాగిస్తే గంటకు 3 మీటర్లు. అంటే గంటకు 3 మీటర్ల కంటే వేగంగా దిగే కణాలు మాత్రమే పాండ్‌లో పూర్తిగా ఆగుతాయి. 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) బొగ్గు కణం నిలకడ నీటిలో గంటకు సుమారు 0.3 మీటరు మాత్రమే దిగుతుంది. అదే పరిమాణంలో ఉన్న ఒండ్రు కణమైతే నాలుగింతలు వేగంగా దిగుతుంది, ఎందుకంటే బొగ్గు సాంద్రత నీటి కంటే కొంచెమే ఎక్కువ. మట్టి నీళ్లకు పనికొచ్చిన పాండ్ బొగ్గు నీళ్లకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. పై లెక్కలో 60 మైక్రాన్ల కంటే సన్నని పొడి పూర్తిగా ఆగదు, ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ బయటికే. 20 మైక్రాన్ల దాకా ఆపాలంటే ఎకరం వైశాల్యం కావాలి, పది ఎకరాల యార్డులో ఎవరూ అంత ఇవ్వరు.

మరి ఏం చేయాలి? ఈ బృందం నివేదికలో దీనికి సమాధానం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. మొదట, బయటి శుభ్రమైన వాన నీళ్లు యార్డులోకి రాకుండా చుట్టూ కట్ట, బోదె వేసి మళ్లించాలి. పాండ్‌కు వచ్చే నీళ్లు తగ్గడానికి అన్నిటికంటే చవకైన మార్గం ఇదే. రెండోది, పాండ్ నీళ్లనే స్ప్రింక్లర్లకు వాడుతూ వాన ముందు మట్టం దించి పెట్టాలి. గుంట లోతుగా తవ్వే బదులు నేల మీద కట్ట పోసి పైకి కట్టుకుంటే ఊట నీళ్ల బెడద తగ్గుతుంది. అప్పుడు నీళ్లు పాండ్‌లోకి ఎక్కించడానికి మోటారు కావాలి, దాని సంపు రోజూ పూడిక తీయాలి. ఇవన్నీ చేసినా సన్న పొడి ఆగకపోతే పటిక. ఎంత పటికో ముందుగా అనుకుని వేయకూడదు. ఒక్కో లీటరు గాజు జాడీలు ఆరు పెట్టి వేర్వేరు మోతాదులు కలిపి చూసుకోవాలి. పటిక పీహెచ్‌ని దించుతుంది కాబట్టి ఆ తర్వాత పీహెచ్ కూడా కొలవాలి.

పాండ్ ఆకారం గురించి బృందం రాసినవి సరైనవే. నీళ్లు వచ్చే చోటు, పోయే చోటు ఎదురెదురు చివర్లలో ఉండాలి, పొడవు వెడల్పుకు కనీసం మూడింతలు ఉండాలి, రెండు గదులుగా విడగొడితే ఒకటి నడుస్తుండగా రెండోది పూడిక తీయవచ్చు. వీళ్లు వదిలేసిన ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. నీళ్లు వచ్చే చోట గుప్పెడు ఊక చల్లి, అది అవతలి తూము దగ్గరికి ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూడండి. లెక్క ప్రకారం గంట నిలవాల్సిన నీళ్లు పది నిమిషాల్లో చేరితే మధ్యలో ఒక సన్నని దారిలోనే పారుతున్నాయి, మిగతా పాండ్ అంతా ఉత్తినే పడి ఉంది. అడ్డంగా రేకు గోడలు పెడితే సరిపోతుంది. ఇంకోటి, పొడి బొగ్గు సన్నగా ఉంటే నీటిని అంటించుకోక పైన తెరలా తేలుతుంది. బయటికి పోయే చోట నీటి పైతలాన్ని అడ్డుకునే పలక లేకపోతే ఆ తెర అంతా నేరుగా కాలువలోకి పోతుంది. అడుగున ఎంత బాగా దిగినా నమూనా చెడేది ఇక్కడే.

కాలువల వాలు గురించి కూడా ఒక మాట. కొండ ప్రాంతంలో గార్లాండ్ డ్రెయిన్ (యార్డు చుట్టూ తవ్వే కాలువ) దానంతటదే కడుక్కుపోతుంది. డెల్టాలో నేల చదును, నీళ్లకు వేగం ఉండదు, అందువల్ల యార్డు చుట్టూ ఉన్న కాలువే సెట్లింగ్ పాండ్‌గా మారి పూడిపోతుంది. నెలకోసారి పూడిక తీస్తాం అన్న జవాబు ఇక్కడ చాలదు, వానాకాలంలో వారానికోసారి తీయాలి. తీసిన పూడికను కాలువ గట్టు మీదే పోస్తే తర్వాతి వానకు అది మళ్లీ కాలువలోకే దిగుతుంది. బొగ్గు కుప్ప మీదికి చేర్చాలి. ఈ తప్పును బృందం ఫోటోతో సహా పట్టుకుంటుంది.

వర్క్‌షాప్ తనిఖీ బాగుంది. టిప్పర్లు, డోజర్లు కడిగే ర్యాంపు నుంచి వచ్చే నీళ్లు గ్రీజు ట్రాప్‌లోకి, అక్కడి నుంచి విడిగా బయటికి పోవాలి. బొగ్గు నీళ్ల పాండ్‌లో వాటిని కలపకూడదు. మూడు గదుల ట్రాప్ కట్టి, ఒక గది నుంచి మరో గదికి నీళ్లు కింది నుంచి పోయేలా వంపు గొట్టం పెడితేనే పైన తేలిన నూనె ఆగుతుంది. ఆ గొట్టం విరిగిపోయి నేరుగా రంధ్రంగా మిగిలిపోవడం అన్ని చోట్లా కనిపించే లోపం. బృందం ప్రతి గది మూత తీయించి చూస్తుంది. సబ్బు, డిటర్జెంట్ వాడితే నూనె చిన్న బొట్లుగా చీలి నీటిలో కలిసిపోతుంది, ట్రాప్ ఎంత పెద్దదైనా ఆగదు అని కూడా రాస్తారు. ఆ సలహాను పాటించి, డిటర్జెంట్ మానేసి ఒత్తిడి నీళ్లతోనే కడిగించండి.

నమూనా తీసే పద్ధతిలో వీళ్లకు వంక పెట్టలేం. నూనె పరీక్షకు గాజు సీసా వాడతారు, ప్లాస్టిక్ అయితే నూనె గోడలకు అంటుకుపోతుంది. ఆ సీసాను నమూనా నీళ్లతో తొలవరు, అంచుదాకా నింపరు, అక్కడే ఆమ్లం వేసి పీహెచ్ రెండు లోపుకు తెస్తారు, మంచు పెట్టెలో పెడతారు. పీహెచ్‌ను మాత్రం అక్కడికక్కడే, పీహెచ్ 4, 7, 9.2 అని ముందే తెలిసిన ద్రావణాలతో (బఫర్లు) మీటరు సరిచేసి కొలుస్తారు. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా ల్యాబుకు చేరేసరికి మూడు గంటలైనా పడుతుంది. పీహెచ్ నమూనాను సీసాలో మోసుకొచ్చి కొలిచే ల్యాబులు ఇంకా ఉన్నాయి, వాటితో పోలిస్తే ఇది చాలా నయం. ఒక్కటి అడగండి: ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు, ఆ గుర్తింపు పరిధిలో మీకు కావాల్సిన పరీక్ష ఉందో లేదో అనుబంధం తెరిచి చూడాలి.

ఇక గాలి. ఈ ప్యాకేజీలో బలహీనమైన భాగం ఇదే. దుమ్ము కొలిచే యంత్రాన్ని ఆఫీసు మేడ మీద పెడతారు, అక్కడ కరెంటు ప్లగ్గు ఉంటుంది కాబట్టి. బొగ్గు గనుల ప్రమాణం ప్రకారం దుమ్ము పుట్టే చోటు నుంచి గాలి వీచే దిశలో 500 మీటర్ల దూరంలో కొలవాలి. ఆఫీసు ఎప్పుడూ గాలికి ఎగువనే కడతారు, దుమ్ము పడకుండా. అక్కడ కొలిస్తే అంకె ఎప్పుడూ బాగానే వస్తుంది. నైరుతి రుతుపవనాల్లో యంత్రం యార్డుకు ఈశాన్యంలో ఉండాలి, శీతాకాలంలో నైరుతిలో. కాకినాడ వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ఇరవైనాలుగు గంటల సగటులో రెండు దిశలూ కలిసిపోతాయి. అందుకని ఎనిమిదేసి గంటల మూడు వడపోత కాగితాలను కలపకుండా, ఒక్కో దాని పక్కన ఆ పూట గాలి దిశ రాసి ఇమ్మనాలి. కరెంటు లేకపోతే జనరేటరు తెచ్చుకునే బాధ్యత ఎవరిదో వర్క్ ఆర్డరులోనే రాసేయండి. జనరేటరు పొగ యంత్రంలోకి రాకుండా దూరంగా, గాలి వాలున పెట్టించాలి.

తూకం గురించి కూడా జాగ్రత్త. నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున ఎనిమిది గంటలు లాగితే 528 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉంటే కాగితం మీద చేరేది 53 మిల్లీగ్రాములే. మన తేమ గాలిలో కాగితం కొన్ని మిల్లీగ్రాముల నీళ్లు పీల్చుకుంటే ఫలితం పది మైక్రోగ్రాముల దాకా మారిపోతుంది. ముందూ తర్వాతా ఇరవైనాలుగు గంటలు పొడి పెట్టెలో ఉంచి తూచారా అని అడగండి. ఈ బృందం నివేదికలో ఆ రికార్డు లేదు. పరిమితి పట్టిక కూడా కలగాపులగంగా ఉంది. గోదావరి లోయలో పాత గనులకు పీల్చే దుమ్ముకు 24 గంటల పరిమితి 300, కొత్త గనులకు 250 మైక్రోగ్రాములు. ఊరిలో జనం ఉండే చోట జాతీయ ప్రమాణం పీఎం10కు (10 మైక్రాన్ల లోపు దుమ్ము) 100. ఊరి చివర కొలిచిన 180ని 250తో పోల్చి సరే అనడం ఆ ఊరివాళ్లకు అన్యాయం. అక్కడ 100 వర్తిస్తుంది.

సీహెచ్‌పీ దగ్గర చూపు మాత్రం చురుకుగా ఉంది. ఒక బెల్టు నుంచి మరో బెల్టు మీదికి బొగ్గు పడే ట్రాన్స్‌ఫర్ పాయింట్ల దగ్గర పక్కల దుమ్ము ఆపే స్కర్ట్ రబ్బరు అరిగి సందు పడిందా, అంటుకున్న పొడిని గీకే స్క్రేపరు బెల్టును తాకుతోందా, వెనక్కి వెళ్లే బెల్టు కింద పొడి కుప్పలు పడ్డాయా, నీళ్ల నాజిల్స్ మూసుకుపోయాయా అన్నవి ఒక్కొక్కటీ చూస్తారు. కాలువ నీళ్లు నేరుగా స్ప్రేకు వాడే చోట నాజిల్స్ ఒండ్రుతో రోజుల్లోనే మూసుకుంటాయి, ముందు జల్లెడ తప్పదు. బెల్టు ఖాళీగా తిరుగుతున్నా నీళ్లు కొడుతూ ఉంటే బెల్టు జారుతుంది, స్క్రీన్ మూసుకుంటుంది, విసుగొచ్చి ఆపరేటరు స్ప్రే ఆపేస్తాడు. బెల్టు మీద బొగ్గు ఉన్నప్పుడే వాల్వు తెరిచేలా ఇంటర్‌లాక్ పెట్టమని రాయడం మంచి సలహా. టైర్లు కడిగే గుంట పొడవును వీళ్లు టేపుతో కొలుస్తారు. లారీ టైరు ఒక చుట్టు తిరగడానికి సుమారు 3.3 మీటర్లు కావాలి, రెండు చుట్లయినా నీళ్లలో తిరగాలంటే ఆరున్నర మీటర్లు. నాలుగు మీటర్ల గుంట కట్టి అయిపోయిందనుకునే యార్డులు చాలా ఉన్నాయి.

బొగ్గు కుప్ప వేడెక్కడం గురించి ఈ బృందం దాదాపు ఏమీ చూడదు. చేతి తుపాకీలాంటి థర్మామీటరుతో పైన కొలిచి వెళ్లిపోతారు. వేడి పుట్టేది లోపల, మీటరు రెండు మీటర్ల లోతున. ఇనుప గొట్టం దించి లోపల కొలవాలి. దిగుమతి అయ్యే తక్కువ రకం బొగ్గు మన గనుల బొగ్గు కంటే త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి రేవు యార్డులకు ఇది పెద్ద లోటే. అరవై డిగ్రీలు దాటితే పైన నీళ్లు పోసి ఊరుకోకుండా ఆ భాగం తవ్వి పరిచి, చల్లార్చి, పొరలుగా తొక్కించాలి.

కాగితాల భాగం సాధారణం. అయితే గని, యార్డు రెండూ ఉన్నవాళ్లు గమనించండి. సత్తుపల్లి గని తెలంగాణ బోర్డు కిందికి, డెల్టా యార్డు ఆంధ్రప్రదేశ్ బోర్డు కిందికి వస్తాయి. నిర్వహణ అనుమతి, ప్రమాదకర వ్యర్థాల అధికార పత్రం విడివిడిగా ఉండాలి. పర్యావరణ అనుమతి ఉన్న గనికి ఆరు నెలల నివేదిక జూన్ 1, డిసెంబరు 1కి, ఫారం 5 పర్యావరణ ప్రకటన సెప్టెంబరు 30కి, ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్ను ఫారం 4 జూన్ 30కి ఇవ్వాలి. వాడిన నూనె డ్రమ్ములు 90 రోజులు మించి ఉంచకూడదు. పైకప్పు, చుట్టూ గట్టు, ఫారం 8 లేబులు, ఫారం 3 రిజిస్టరు ఉండాలి. వీటిని బృందం సరిగ్గా చూస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన పర్యావరణ ఆడిట్ నిబంధనల కింద నమోదైన ఆడిటర్లు వేరు, ఈ ప్యాకేజీ వేరు. ఇది లోపలి తనిఖీ మాత్రమే, బోర్డుకు చూపించే సర్టిఫికెట్ కాదు. ఆ మాట వాళ్ల కరపత్రంలో చిన్న అక్షరాల్లో కాకుండా పెద్దగా ఉండాలి.

ఎప్పుడు పిలవాలి? జూన్ 1 గడువు వల్ల అందరూ మే నెలలో పిలుస్తారు. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, యార్డు ఎండిపోయి ఉంటుంది, బయటికి పోయే దారుల దగ్గర నీళ్లే ఉండవు. నివేదికలో "విడుదల లేదు" అని రాసి నమూనా లేకుండానే ముగిస్తారు. ఈ బృందం బలమంతా నీళ్ల వెంట నడవడంలో ఉంది, నీళ్లు లేనప్పుడు ఆ బలం ఎందుకూ పనికిరాదు. జూలైలో మొదటి గట్టి వానలకు ఒకరోజు, అక్టోబరు చివర్లోనో నవంబరులోనో వాయుగుండం వేళ ఇంకో రోజు. రెండు రోజులను ఇలా విడగొట్టి ఇమ్మనండి, అడిగితే ఒప్పుకుంటారు. గాలి కొలతలకు డిసెంబరు నుంచి మార్చి లోపు ఒక పొడి వారం సరిగ్గా ఉంటుంది.

నివేదికలో ఫోటోలు బోలెడు ఉంటాయి, కానీ ఏ ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో ఉండదు. "డ్రెయినేజీ మెరుగుపరచాలి" అన్న ఒక్క వాక్యంతో సైట్ ఇంజనీరు ఏం చేయగలడు? ప్రతి లోపానికీ చోటు, సమయం, అనుమతి పత్రంలో ఏ షరతు దాటింది, ఏం చేయాలి, ఎవరు, ఎప్పటికి అన్నవి ఉండాలని ఆర్డరులోనే రాయండి. సవరణలు జరిగాక చూసే రెండో రాక ఈ ప్యాకేజీలో లేదు, వాట్సాప్‌లో ఫోటోలు పంపమంటారు. పూడిక తీసిన కాలువ ఫోటోలో బాగానే ఉంటుంది, వాన పడితేనే తెలుస్తుంది అది పారుతుందో లేదో. వాన రోజున ఒక పూట మళ్లీ రావాలన్న షరతు పెట్టుకోండి, దానికి విడిగా ధర మాట్లాడుకున్నా ఫరవాలేదు.

వాళ్లు వచ్చే ముందు అనుమతి పత్రాలు, వాటితో జతచేసిన డ్రెయినేజీ ప్లాను, కిందటి ఏడాది ల్యాబు రిపోర్టులు, నూనె డ్రమ్ముల రిజిస్టరు ఒక బల్ల మీద పెట్టండి. గ్రీజు ట్రాప్ మూతలు ఎత్తడానికి ఇద్దరు మనుషులు, గడ్డపార కావాలి. ప్రహరీ వెనక నడవడానికి తుప్పలు కొట్టించి దారి చేయించండి, లేదంటే ఎంత ఓపిక ఉన్నవాళ్లయినా ఆ వైపు తూమును చూడకుండానే తిరిగొస్తారు. తూము తలుపు తాళం ఎవరి దగ్గర ఉందో ముందు రోజే కనుక్కుని ఉంచండి.